వెలగపూడి రాబడిలో ప్రసూతిశాలకు వాటా

సంక్షేమం మాటెత్తగానే ఒకరు ఉచితాలంటారు, ఇంకొకరు పేదల హక్కంటారు. ఇదంతా ఓట్లతో పాటు పుట్టిందన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. ఆ మాటే తప్పు.

వెలగపూడి అంటే ఇప్పుడు మనకు సచివాలయం. 1261లో అది రుద్రమదేవి దానమిచ్చిన ఊరు. తండ్రి గణపతిదేవుడు మాటిచ్చిన మందడంతో పాటు దీన్ని కూడా ఆమె రాజగురువు విశ్వేశ్వర శివాచార్యుడికి రాసిచ్చింది. ఆ రాబడిని ఆయన ఎలా పంచాడో పక్కనే ఉన్న మల్కాపురం శాసనంలో ఉంది. అగ్రహారానికి పోగా మిగిలింది మూడు వాటాలు. ఒకటి గుడికి, ఒకటి మఠానికీ చదువుకునే పిల్లలకీ. మూడోది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రానికి. కాన్పుల కోసం విడిగా ఒక శాల, దానికి పేరుపెట్టి మరీ రాబడి! ఏ ఓటు కోసం?

రెండు శతాబ్దాల ముందు, కాంచీపురం దగ్గరి తిరుముక్కూడల్‌లో వీరరాజేంద్ర చోళుడి శాసనం ఇంకా పట్టింపుగా ఉంటుంది. గుడి ఆస్పత్రిలో 15 పడకలు. వైద్యుడు, శస్త్రవైద్యుడు, మూలికలు తెచ్చేవాళ్లు, మంగలి, ఎవరికెంత ఇవ్వాలో లెక్క. నిల్వ ఉంచాల్సిన మందుల జాబితా. రాత్రి దీపానికి నూనె కూడా మర్చిపోలేదు.

ఇదంతా రైతు పన్నే కదా, పెద్ద వాటా బ్రాహ్మణులదే కదా అంటారు. నిజమే, కులం మెట్లు ఎక్కడికీ పోలేదు. మల్కాపురంలో అన్నం మాత్రం బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా పెట్టాలని రాశారు. ఆ పదం మనకు ముల్లులా గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. అయినా ఆకలికి అర్హత పరీక్ష పెట్టలేదు.

నన్ను ఆకట్టుకునేది వాళ్ల దయ కాదు, పద్దు. పథకం కంటే ముందు దాన్ని పోషించే ఊరు కనిపిస్తుంది. మన దగ్గర ముందు పేరు, తర్వాత ఫొటో, ఆ తర్వాత నిధుల వేట. బకాయిలు ఇవ్వకపోతే ఆరోగ్యశ్రీ ఆపేస్తామని ఆస్పత్రులు హెచ్చరించడం రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. మధ్యలో టెన్షన్ మాత్రం రోగికి. ఒక్కో పథకానికీ ఫలానా రాబడి అని చట్టంలో కట్టేస్తే, పార్టీ మారినా ప్రసూతి వార్డుకు వచ్చే డబ్బు ఆగదు. అలా కట్టేస్తే ఆర్థికశాఖకు వెసులుబాటు పోతుందంటారు. పోనివ్వండి. ఆ వెసులుబాటు పేరే బకాయి.

సచివాలయం నుంచి మల్కాపురం ఎంతో దూరం లేదు. బడ్జెట్ రాసేవాళ్లు ఒక పూట వెళ్లి ఆ మూడో వాటా సంగతి చదివి రావచ్చు.