శాండ్‌విచ్ రహస్యం 3 మైళ్లు దాటరాదు

బ్రెడ్డు ముక్కల నడుమ టమాటా ముందు పెట్టాలా, ఉల్లిపాయ ముందు పెట్టాలా అన్నది ఎంతటి వ్యాపార రహస్యమో మనబోటి సామాన్యులకు అర్థం కాదు. అమెరికాలో జిమ్మీ జాన్స్ అనే శాండ్‌విచ్ దుకాణాల సంస్థకు మాత్రం అర్థమైంది. గంటల లెక్కన కూలి తీసుకునే కుర్రకారు చేత ఆ సంస్థ ఒక ఒప్పందం మీద సంతకాలు చేయించుకునేది. పని మానేసిన తరువాత 2 సంవత్సరాల వరకు, జిమ్మీ జాన్స్ దుకాణం ఎక్కడ ఉంటే అక్కడ దానికి 3 మైళ్ల దూరంలోపు, రాబడిలో 10 శాతానికి మించి శాండ్‌విచ్‌ల మీదే సంపాదించే ఏ అంగడిలోనూ వారు పనికి చేరరాదన్నది దాని సారాంశం. ఒక దుకాణం చుట్టూ 3 మైళ్ల గిరి గీస్తే 28 చదరపు మైళ్ల నేల అందులో పడుతుంది; అలాంటి దుకాణాలు వారికి అప్పటికే 2,000కు పైగా ఉన్నాయి. లక్ష్మణుడంతటివాడు ఒక్క గీత గీసి ఊరుకున్నాడని గుర్తుచేసుకుంటే, త్రేతాయుగం నుంచి నేటికి యాజమాన్య శాస్త్రం ఎంత ముందుకు వచ్చిందో తెలుస్తుంది. 2016లో న్యూయార్క్, ఇల్లినాయ్ రాష్ట్రాల అటార్నీ జనరళ్లు వెంటపడడంతో సంస్థ ఆ గీతలన్నీ చెరుపుకోవలసి వచ్చింది.

ఈ కాగితాన్ని నాన్‌ కాంపీట్ ఒప్పందం అంటారు. మా దగ్గర మానేస్తే మానెయ్యి గానీ, నీకు వచ్చిన పని ఇంకెవరి దగ్గరా చేయకు అని దాని తాత్పర్యం. పోటీయే ప్రగతికి మూలమని ప్రతి సభలోనూ ఉపన్యసించే పెద్దలు తమ గుమాస్తాల విషయంలో మాత్రం ఆ ప్రగతి కొంచెం ఆలస్యమైనా ఫరవాలేదనుకోవడంలో వైరుధ్యం ఉందని కొందరు దెప్పిపొడుస్తున్నారు. వైరుధ్యం ఏమీ లేదు. పోటీ సరుకుల ధరలకు మంచిది, జీతాలకు మంచిది కాదు. ఇంత తేలికైన సూత్రం బుర్రకెక్కనివారే దీనిని నిషేధించాలని గోల చేస్తున్నారు కనుక, యాజమాన్యాల పక్షాన నాలుగు మాటలు చెప్పడం నా విధి అనుకుంటున్నాను.

రహస్యాలు బయటికి పొక్కుతాయన్నది యజమానుల మొదటి భయం. మిషిగన్‌లో ఒక సెక్యూరిటీ సంస్థ తన గార్డులను 2 ఏళ్ల పాటు 100 మైళ్ల దూరంలోపు మరో సంస్థలో చేరరాదని కట్టడి చేసి, మీరితే లక్ష డాలర్లు చెల్లించాలని రాయించుకుంది. గేటు దగ్గర నిలబడడంలో ఎన్ని మెళకువలు ఉంటాయో నిలబడినవారికే తెలుస్తుంది. గేట్‌వే సర్వీసెస్ అనే మరో సంస్థ చనిపోయిన పెంపుడు కుక్కలకు, పిల్లులకు దహన సంస్కారాలు చేస్తుంది; కొత్తగా చేరిన దాదాపు ప్రతి ఉద్యోగీ, మానేశాక ఏడాది పాటు అమెరికాలో ఎక్కడా ఆ పని చేయరాదని అది నిబంధన పెట్టింది. ఎంత వేడి మీద ఎంత బూడిద వస్తుందో పోటీదారుకు తెలిసిపోతే కలిగే అనర్థాన్ని ఊహించడానికే భయం వేస్తుంది. నిజంగా రహస్యం దొంగిలించినవాడి మీద దావా వేయడానికి 2016 నాటి ఫెడరల్ చట్టం ఉంది కదా, గోప్యతా ఒప్పందాలు వేరే ఉన్నాయి కదా అని విమర్శకులు అడుగుతారు. ఉన్నాయి. కానీ వాటితో ఒక చిక్కుంది: దొంగతనం జరిగిందని కోర్టులో రుజువు చేయాలి. దొంగ కాగలడేమోనని ముందే కాళ్లు కట్టేయడానికి సాక్ష్యం అక్కరలేదు.

రెండవది శిక్షణ ఖర్చు. పని నేర్పిన చేతులను పక్కవాడు ఎగరేసుకుపోతే ఇక నేర్పేవాడెవడు అని యజమాని వాపోతాడు. ఈ మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. అయితే వెళ్లిపోతారన్న భయం ఉన్నచోట జీతం పెంచి నిలుపుకోవడమనే నాటు వైద్యం ఒకటి ఉన్నట్టు వినికిడి. మన పల్లెల్లో పాలేరు ఏడాది జీతానికి కుదిరి, ఉగాదికి లెక్క తేల్చుకుని, కిట్టకపోతే పై ఏడు మరో ఆసామి దగ్గర చేరేవాడు. బాకీ ఉంటే కదలనిచ్చేవారు కారు గానీ, బాకీ లేనివాడిని పట్టుకుని, నా అరక మీద నేర్చుకున్నావు కనుక 3 మైళ్ల లోపు ఎవరి మడిలోనూ నాగలి పట్టకు అని చెప్పాలన్న ఆలోచన ఎంతటి పిసినారి ఆసామికీ తట్టలేదు. మన వ్యవసాయం వెనకబడిపోవడానికి కారణాలు వెతికేవారు దీనిని కూడా పరిశీలించాలి.

ఇంగ్లండులో మాత్రం ఈ ఆలోచన 600 ఏళ్ల కిందటే పుట్టింది. 1414లో జాన్ డయ్యర్ అనే అద్దకపువాడు ఆరు నెలల పాటు తన ఊళ్లో అద్దకం పని చేయనని రాసిచ్చి, చేశాడంటూ కోర్టుకెక్కించబడ్డాడు. విచారించిన హల్ అనే న్యాయమూర్తి, దేవుడి మీద ఒట్టు, ఆ వాది ఇప్పుడు ఇక్కడ ఉంటే రాజుగారికి జరిమానా కట్టేదాకా జైల్లో పడి ఉండేవాడని మండిపడ్డాడు. న్యాయపీఠం మీద కూర్చుని ఉద్యోగి కోసం ఒట్లు పెట్టుకోవడం అప్పటి అనాగరికతకు నిదర్శనం. తరువాతి న్యాయమూర్తులు నిదానించి, కాలమూ దూరమూ సబబుగా ఉంటే చెల్లుతుందని సర్దిచెప్పారు. సబబు అంటే ఎంత అన్నది తేల్చడానికి అప్పటి నుంచి లాయర్లు ఫీజు తీసుకుంటూనే ఉన్నారు.

ఈ ప్రశాంత జీవనంలో, వ్యాపారాల్లో పోటీని కాపాడే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రాయి విసిరింది. లీనా ఖాన్ అధ్యక్షతన ఆ కమిషన్ 2024 ఏప్రిల్ 23న, 3–2 ఓట్ల తేడాతో, దేశమంతటా ఈ ఒప్పందాలను నిషేధిస్తూ నిబంధన చేసింది. సుమారు 3 కోట్ల మంది, అంటే ప్రతి ఐదుగురు ఉద్యోగుల్లో ఒకరు, ఇలా కట్టుబడి ఉన్నారని, కట్లు విప్పితే సగటు ఉద్యోగికి ఏడాదికి 524 డాలర్లు ఎక్కువ వస్తాయని, ఏటా 8,500 కొత్త వ్యాపారాలు పుడతాయని అంచనా కట్టింది. కొత్త వ్యాపారం అంటే పాత వ్యాపారికి పోటీ అని కమిషన్‌కు తోచకపోవడం విచిత్రం. డాలస్‌లోని ర్యాన్ అనే పన్ను సలహాల సంస్థకు వెంటనే తోచింది. అది అదే రోజు దావా వేసింది. నిబంధన సెప్టెంబరు 4న అమలులోకి రావలసి ఉండగా, ఆగస్టు 20న టెక్సస్ ఫెడరల్ న్యాయమూర్తి ఏడా బ్రౌన్ కమిషన్‌కు ఆ అధికారమే లేదని కొట్టివేశారు. ప్రభుత్వం మారింది, 2025 సెప్టెంబరులో కమిషన్ అప్పీలు ఉపసంహరించుకుంది. ఇక ఒక్కొక్క సంస్థనూ విడివిడిగా చూసుకుంటామని చెప్పి, పైన చెప్పిన కుక్కల దహనవాటికతో మొదలుపెట్టింది. 3 కోట్ల మందిని ఒక్కొక్క వాటిక చొప్పున విడిపించడానికి ఎంత కాలం పడుతుందో లెక్క వేయడం పాఠకులకే వదిలేస్తున్నాను.

ఇక్కడ లాయర్ల త్యాగబుద్ధిని ప్రస్తావించకపోతే కృతఘ్నత అవుతుంది. ఈ ఒప్పందాలన్నీ రాసేది వారే. కానీ లాయరు కొలువు మారాక ప్రాక్టీసు చేయకుండా ఆపే ఒప్పందం రాసుకోవడం వారి సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమావళి ప్రకారం తప్పు. కక్షిదారుకు నచ్చిన లాయరును పెట్టుకునే హక్కు పోతుందని కారణం చెప్పారు. రోగికి నచ్చిన డాక్టరు, గిరాకీకి నచ్చిన మంగలి అన్న చిల్లర సంగతులు ఆ కారణంలోకి రావు. మందు తయారు చేసినవాడు తాను తాగనంత మాత్రాన మందు మంచిది కాదనగలమా?

ఇంతకీ ఈ నిషేధం కొత్తదేమీ కాదు. 19వ శతాబ్దంలో డేవిడ్ డడ్లీ ఫీల్డ్ అనే న్యూయార్క్ లాయరు ఒక సివిల్ స్మృతిని రాసిపెట్టాడు. ఎవరినైనా చట్టబద్ధమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా నిరోధించే ఒప్పందం ఆ మేరకు చెల్లదన్న వాక్యం అందులో ఉంది. 1872లో కాలిఫోర్నియా ఆ వాక్యాన్ని తన చట్టంలో చేర్చుకుంది. అదే 1872లో మన కాంట్రాక్టు చట్టం 27వ సెక్షనుగా అది భారతదేశానికీ వచ్చింది. న్యూయార్క్ మాత్రం సొంత బిడ్డ రాసిన ఆ స్మృతిని స్వీకరించలేదు. 2023లో ఆ రాష్ట్ర శాసనసభ నిషేధం పంపితే గవర్నరు వీటో చేశారు. ఇంటి దేవరను ఈగలు ముసరగా, ఊళ్లవాళ్లు ఊరేగించిన కథ ఇది. ఆ వాక్యాన్ని నమ్ముకున్న కాలిఫోర్నియాకు ఏం జరిగిందో తెలిసిందే: 1957లో ఎనిమిది మంది ఉద్యోగులు షాక్లీ అనే శాస్త్రవేత్త దగ్గర మానేసి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ పెట్టుకున్నారు, 1968లో వారిలో ఇద్దరు దానినీ వదిలి ఇంటెల్ పెట్టుకున్నారు, అలా మానేసేవారిని ఆపే కాగితం లేక ఆ లోయ మొత్తం చెడిపోయి సిలికాన్ వ్యాలీ అయింది.

మన దేశంలో యజమానులు నిరాశ పడనక్కరలేదు. ఉద్యోగం మానేశాక వర్తించే కట్టడి చెల్లదని 1980లో ముర్గాయ్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఒకరు చెప్పినా, ఉద్యోగంలో ఉన్నంతకాలం కట్టడి చెల్లుతుందని ఆ కోర్టే అంతకుముందు 1967లో చెప్పింది. 3 ఏళ్లు నిండకుండా మానేస్తే 2 లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ బ్యాంకు బాండును 2025 మేలో సమర్థించింది. ఇక మన తెలుగు రాష్ట్రాల కాలేజీల్లో కొన్నిటికి కోర్టులతో పనే లేదు. లెక్చరరు చేరిన రోజునే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెడతారు. 27వ సెక్షను కాగితం మీది షరతును రద్దు చేయగలదు గానీ బీరువా తాళం తీయలేదు.

చెల్లని రూకకు గీతలెక్కువ. కాలిఫోర్నియాలోనూ ఈ షరతులు దాదాపు మిగతా రాష్ట్రాల్లో ఉన్నంతగానే రాస్తున్నారని పరిశోధకులు గమనించారు. ఉద్యోగి భయపడి ఆగిపోతే కోర్టు దాకా వెళ్లే అవసరమే రాదు కనుక, చెల్లడం చెల్లకపోవడం అన్నది యజమానికి పెద్ద పట్టింపు కాదు. చేర్చుకోవాలనుకున్న రెండో యజమానీ లాయరు నోటీసు చూసి వెనక్కు తగ్గుతాడు. తన మనుషులకూ అదే సంకెల వేసి ఉంటాడు కనుక అతడు ఫిర్యాదు చేయడు. అందరూ కట్టేసుకున్న ఊళ్లో కొత్త చేయి దొరకడం లేదని అందరూ వాపోతుంటారు.

కన్సల్టెన్సీ ద్వారా హెచ్‌-1బీ మీద డాలస్‌లో పనిచేసే మన తెలుగు కుర్రవాడి లెక్క ఇంకా రమ్యంగా ఉంటుంది. ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. తనను బాగా ఎరిగిన క్లయింటు నేరుగా తీసుకుంటానన్నా, ఏడాది దాకా అక్కడ చేరరాదని కన్సల్టెన్సీ కాగితం. 60 రోజుల్లో 365 రోజులు ఎలా ఇమడ్చాలో ఏ గణితమూ చెప్పలేదు గానీ, కన్సల్టెన్సీ నడిపే పెద్దమనిషి మన ఊరివాడే కనుక, బాబాయ్ అని పిలిచే చొరవ ఉంటుంది.

ఆ డాలస్ కంపెనీకే హైదరాబాద్‌లో ఆఫీసు ఉంటే, చేరే అమ్మాయికి వచ్చే ఆఫర్ లెటర్ 14వ పేజీలో అదే షరతు ఉంటుంది. ఇది మన దేశంలో చెల్లదు కదండీ అని ఆమె అడిగితే, అవునమ్మా, ఊరికే ఫార్మాలిటీ, అందరూ పెడతారు అంటారు హెచ్‌ఆర్‌వారు. ఫార్మాలిటీయే అయితే తీసేయవచ్చు కదా అంటే, తీయాలంటే డాలస్‌లోని లీగల్ విభాగం ఒప్పుకోవాలంటారు. ఆ లీగల్ విభాగంలో ఉన్నవారందరూ లాయర్లు. వారి సొంత ఆఫర్ లెటర్లలో 14వ పేజీ ఉండదు.