ఈ వెలుగుకు మీటరేది?

విశాఖలో మద్దిలపాలెం, గురుద్వారా, ఎన్‌ఏడీ. రాత్రి పదకొండు దాటాక ఈ కూడళ్లలో బండి మీద వెళ్లేవారికి మేం కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. సిగ్నల్ దగ్గర ఆగితే ఎదురుగా తెర. నగల ప్రకటన, దాని వెనకే ప్లాట్ల ప్రకటన, ఆ వెనకే కోచింగ్ సెంటర్ ర్యాంకులు. తెర తెల్లబడితే హెల్మెట్ అద్దం మీద గీతలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. మరుక్షణం నల్లబడితే కళ్లు బైర్లు కమ్మి, రోడ్డుకి అడ్డంగా నడిచే మనిషి కూడా ఆనడు. ఆ వేళప్పుడు ఆ ప్రకటన చూసి గాజులు కొనడానికి లేచే వారెవరో మాకు తెలియదు.

మొన్న వారాంతంలో ఇంకో ముచ్చట. ఒక షోరూము ప్రారంభోత్సవమని బీచ్‌రోడ్డు వైపు నాలుగు సెర్చ్‌లైట్లు ఆకాశంలోకి తిప్పారు. మబ్బుల మీద తెల్లటి మచ్చలు అర్ధరాత్రి దాకా గిరగిరా తిరుగుతూనే ఉన్నాయి. జనం ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. అనుమతి ఎవరిచ్చారని మా విలేకరి అడిగితే ఒక కార్యాలయం ఇంకో కార్యాలయం పేరు చెప్పింది. ఆ కార్యాలయం పోలీసులను అడగమంది. ఆకాశం ఎవరి సెక్షన్ కిందకీ రాదని తేలింది.

వెలుగంటే మాకు పడదని ఎవరూ అనుకోవద్దు. మా గోల అంతా చెప్పే మాటకీ చేసే పనికీ పొంతన లేకపోవడం గురించే. అధికారులారా, కరెంటు పొదుపు అన్నది మీరే, తాబేళ్లను కాపాడతామన్నది మీరే, పర్యాటకం అంటే ప్రకృతి అన్నదీ మీరే. రాత్రి అయ్యేసరికి ఆ మాటలన్నీ ఎక్కడికి పోతున్నాయి?

2014 అక్టోబర్ 12ని ఈ ఊరు మర్చిపోదు. హుద్‌హుద్ తుపాను కొట్టిన దెబ్బకు స్తంభాలన్నీ నేలకొరిగాయి. నీళ్లు లేవు, పాలు లేవు, ఫోన్లు లేవు. పౌర్ణమి వెళ్లి నాలుగు రోజులే అయింది కాబట్టి చంద్రుడు రోజురోజుకీ ఆలస్యంగా వస్తున్నాడు. ఉక్కపోత తట్టుకోలేక డాబాల మీద చాపలు పరుచుకున్నవాళ్లు తలెత్తి చూసి, ఇన్ని చుక్కలున్నాయా అని నోరెళ్లబెట్టారు. అంత కష్టంలోనూ చాలామందికి గుర్తుండిపోయిన సంగతి అది. తుపాను కొత్త చుక్కలను తేలేదు. అప్పటిదాకా మన దీపాల వెనక ఉన్నవే అవి.

తర్వాత కొన్ని నెలల్లోనే నగరమంతా ఎల్‌ఈడీ వీధిదీపాలు వచ్చాయి. ఇంచుమించు 90 వేల దీపాలు మార్చామని, కరెంటు ఆదాలో దేశానికే దారి చూపామని చెప్పుకున్నాం. తప్పేం లేదు, నిజంగానే మంచి పని. అయితే పాత సోడియం దీపం పసుపు వెలుగు వేరు, ఈ తెల్ల ఎల్‌ఈడీ వెలుగు వేరు. తెల్లదానిలో నీలం పాలు ఎక్కువ. పగటి ఆకాశం నీలంగా కనబడేది ఏ కారణం చేతనో, రాత్రి ఈ వెలుగు ఆకాశమంతా చిమ్మేదీ అదే కారణం చేత. నీలి కాంతి గాలిలో ఎక్కువ చెదురుతుంది. సముద్రపు తేమ, పరిశ్రమల దుమ్ము ఉన్న మన ఊళ్లో సంగతి వేరే చెప్పాలా? ఆపైన ఎల్‌ఈడీ చవకైపోయింది. ఒక దీపం చోట నాలుగు పెట్టారు, బోర్డు చోట తెర పెట్టారు. వీధిదీపాల్లో మిగిల్చామన్న కరెంటు ఇలా ప్రకటనల పాలవుతుంటే దాన్ని పొదుపు అని ఏ లెక్కన అంటున్నారు?

మార్చి చివర్లో ఒక శనివారం రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఎర్త్ అవర్ అంటారు. లైట్లు ఆర్పండి అని పిలుపునిస్తారు, కొవ్వొత్తులతో ఫొటోలు దిగుతారు. ఆ ఫొటోలు మేమూ వేస్తాం. ఏడాదికి గంట సేపు భూమి మీద ప్రేమ, మిగతా రాత్రులన్నీ హోర్డింగుల మీద ప్రేమ.

ఇప్పుడు తాబేళ్ల దగ్గరికి వద్దాం. ఈ రెండు నాల్కల వ్యవహారం అక్కడ తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు. చలికాలం ముదిరాక ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి వస్తాయి. రాత్రిపూట ఒడ్డెక్కి, ఇసుక తవ్వి, నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, తెల్లారేలోగా వెళ్లిపోతాయి. అటవీ శాఖ మనుషులు, ఒడ్డున ఉండే మత్స్యకార యువకులు చీకట్లో తిరిగి ఆ గుడ్లు ఏరి, జోడుగుళ్లపాలెం, పెదనాగమయ్యపాలెం లాంటి చోట్ల కంచెలు కట్టి పొదిగిస్తారు. నిద్ర మానుకుని చేసే పని అది, వాళ్లకు దండం పెట్టాలి. నెలన్నర దాటాక పిల్లలు బయటికొస్తాయి. బొటనవేలంత పొడవు, బూడిద రంగు, ఒంటినిండా ఇసుక. వాటికి తల్లి లేదు, దారి చెప్పేవారు లేరు. ఉన్న దిక్సూచి ఒక్కటే. చీకటి తీరంలో నేల వైపు కంటే నీటి వైపు ఆకాశపు అంచు కాస్త తెల్లగా ఉంటుంది కాబట్టి, ఎటు వెలుగుంటే అటు పాకాలి. కోట్ల ఏళ్లుగా ఆ జాతికి తెలిసింది ఇదే.

మన బీచ్‌రోడ్డు ఆ దిక్సూచిని తిరగేసింది. ఇసుక మీద వాటి అడుగుల గీతలు చూసినవారికి అర్థమవుతుంది. నీటి వైపు నాలుగు గీతలు, రోడ్డు వైపు పది. హోటల్ ఫ్లడ్‌లైటు వైపు, ఫాస్ట్‌ఫుడ్ బండి ట్యూబులైటు వైపు, ఐస్‌క్రీం బోర్డు వైపు. తెల్లారేసరికి కాకులు, కుక్కలు, ఎండ. కంచెలో పుట్టినవాటిని చేత్తో పట్టుకెళ్లి నీళ్ల దగ్గర వదులుతారు, అవి సముద్రం చేరతాయి. గస్తీ వాళ్ల కంట పడని గూళ్లలో పుట్టినవాటి మాటేమిటి? అంతకుముందు మాట ఇంకొకటి ఉంది. వెలుగు చూసి బెదిరి, గుడ్లు పెట్టకుండానే తల్లి వెనక్కి వెళ్లిపోతే లెక్కలో అసలు గూడే ఉండదు.

1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఈ తాబేలును మొదటి షెడ్యూలులో పెట్టింది. పులికి ఉన్న హోదా దానికీ ఉంది. గుడ్డు దొంగిలిస్తే జైలు. దారి మళ్లించి చంపే దీపానికి మాత్రం లైసెన్సు. పిల్లలను సముద్రంలోకి వదిలే కార్యక్రమానికి వచ్చిన పెద్దలు ఫొటో దిగి, కారెక్కి, అదే రోడ్డు మీద కొత్త లైటింగ్ ప్రారంభోత్సవానికి వెళ్లగలరు. ఎవరికీ సిగ్గనిపించదు.

ఇంకో సంగతి. ఈ ఊరికి ఆకాశంతో చుట్టరికం ఉంది. డాబాగార్డెన్స్ అనగానే ఇవాళ గుర్తొచ్చేది ట్రాఫిక్. 1840 ప్రాంతంలో అక్కడ గోడే వెంకట జగ్గారావు తన సొంత డబ్బుతో చుక్కలను పరిశీలించే వేధశాల కట్టించారు. మద్రాసు వెళ్లి ఖగోళం చదువుకుని వచ్చిన మనిషి. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా సాగినప్పుడు ఇక్కడి నుంచే చూసి లెక్కలు కట్టారు. లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా చేర్చుకుంది. శుక్రుడి సంగతి పగటి వేడుక, దానికి దీపాల అడ్డు లేదు. రాత్రి అదే చోట నిలబడి పాలపుంత ఎక్కడని పిల్లలు అడిగితే ఏం చూపిస్తాం? ఇలాంటి పూర్వీకులున్నారని సదస్సుల్లో చెప్పుకోవడానికి ముందుంటాం, వాళ్లు చూసిన ఆకాశాన్ని మాత్రం షోరూములకు అద్దెకిచ్చాం.

ఇది శాస్త్రవేత్తల బాధ కదా, మనకెందుకు అనేవారు కల్యాణ మండపానికి రండి. పంతులుగారు వధూవరులను బయటికి తీసుకొచ్చి అరుంధతిని చూపిస్తారు. సప్తర్షుల్లో వసిష్ఠుడి పక్కన నలుసంత చుక్క అది. మండపం ముందు సీరియల్ బల్బుల దండలు, పైన ఎల్‌ఈడీ ఆర్చి. పెళ్లికూతురు కనిపించింది అంటుంది, పెళ్లికొడుకూ తలూపుతాడు. (ఆ వేళకు సప్తర్షులు అసలు ఉదయించారా లేదా అన్నది వేరే తగువు.) కార్తీక సోమవారం పొద్దంతా ఉపవాసం ఉండి, చుక్కను చూసి భోంచేసే ఆడవాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు. ఇప్పుడు వాళ్లు గడియారం చూసి తింటున్నారు. రంజాన్ నెలవంక కోసం చూసేవాళ్లదీ ఇదే అవస్థ. జాలరిపేట పెద్దవాళ్లను అడగండి, వేగుచుక్కను బట్టి వల తీసిన రోజులు చెబుతారు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. అమెరికాలో రిఫ్లెక్ట్ ఆర్బిటల్ అనే సంస్థ అంతరిక్షంలో అద్దాలు పెట్టి, రాత్రిపూట ఎండను అమ్ముతానంటోంది. ఒక ప్రయోగాత్మక ఉపగ్రహం కోసం 2025లో అక్కడి ప్రభుత్వానికి దరఖాస్తు కూడా పెట్టుకుంది. వెలుగు పడే మేర అయిదు కిలోమీటర్ల వెడల్పట, ముందుముందు వేల అద్దాలట. 1993లో రష్యా వాళ్లు ఇలాంటి అద్దాన్నే ఒకసారి ఎగరేసి చూశారు. అప్పుడది ప్రయోగం, ఇప్పుడు వ్యాపారం. ప్రపంచమంతా ఖగోళ శాస్త్రవేత్తలు గగ్గోలు పెడుతున్నారు, మేమూ వారి పక్షమే. కానీ రేపు దీన్ని మన దేశం కాదనాలంటే ఏ ముఖంతో కాదంటుంది? మీ ఊళ్లో మబ్బుల మీద షోరూము లైటు తిప్పినప్పుడు ఏం చేశారని ఎదురడిగితే జవాబేది? అంతరిక్షంలో కంటికి కనబడే ప్రకటనలు పెట్టకూడదని అమెరికాకు ఒక చట్టమైనా ఉంది. మనకు కాంతి కాలుష్యం అన్న మాటకే ప్రత్యేక చట్టం లేదు. 1981 నాటి వాయు కాలుష్య చట్టంలో 1987లో శబ్దాన్ని చేర్చారు. కాంతికి ఆ యోగం పట్టలేదు.

వెలుతురు ఉంటేనే ఆడపిల్లలకు భద్రత, పర్యాటకులొస్తేనే ఉపాధి అన్న వాదన ఉంది. కాదనం. అయితే మేం వీధిదీపాలు ఆర్పమనలేదు. భద్రత ఇచ్చేది నేల మీద పడే వెలుగు. ఆకాశంలోకి పోయే వెలుగు, కళ్లలో గుచ్చుకునే వెలుగు ఏ ఆడపిల్లనీ కాపాడదు. పైగా కొండవాలు సందులో, బస్టాపు వెనక దీపం మాడిపోయి నెలలు గడిచినా ఎవరూ రారు. నగల షాపు తెర ఒక్క గంట ఆగిపోతే మాత్రం మెకానిక్ నిచ్చెనతో పరిగెత్తుకొస్తాడు. భద్రత మాట ఎత్తేవారు ముందు ఆ సందులోకి వెళ్లి చూడండి.

పర్యాటకం అంటారా, లదాఖ్‌లోని హాన్లేకి వెళ్లి రండి. 2022 డిసెంబర్‌లో అక్కడ 1,073 చదరపు కిలోమీటర్లను చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఊరివాళ్లు దీపాలకు మూతలు పెట్టుకున్నారు, కిటికీలకు మందపాటి తెరలు కట్టుకున్నారు. అక్కడి యువతకు టెలిస్కోపులిచ్చి శిక్షణ ఇస్తే, వచ్చినవారికి చుక్కలు చూపించి సంపాదించుకుంటున్నారు. 2024లో మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యం కూడా ఆ బాట పట్టింది. మనకు మన్యం కొండల్లో వంజంగి లేదా, అనంతగిరి లేదా? ఉన్నాయి. అక్కడి గుడారాల దగ్గర మనం డీజే లైట్లు పెడుతున్నాం.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. రాత్రి పదకొండు తర్వాత ప్రకటనల తెరలు ఆగిపోవాలి. ఫ్రాన్స్‌లో అర్ధరాత్రి ఒంటిగంట నుంచి ఆరు దాకా ప్రకటనల బోర్డులు ఆర్పేస్తున్నారు, ఆ దేశమేమీ చీకట్లో కలిసిపోలేదు. ఆకాశంలోకి తిప్పే లైట్లను పూర్తిగా నిషేధించాలి. జనవరి నుంచి మే దాకా ఆర్కే బీచ్ మొదలు భీమిలి వరకు సముద్రం వైపు తిరిగిన దీపాలు కాషాయ రంగులోకి మారాలి, వాటికి పైన మూత పడాలి. బోర్డుకి ఫీజు సైజును బట్టి వసూలు చేసేవారికి వెలుగును బట్టి వసూలు చేయడం చేతకాదంటే మేం నమ్మం. వెలుగును కొలిచే మీటర్లు బజార్లో దొరుకుతాయి, ఖరీదూ ఎక్కువ కాదు. పొదిగే కంచె పక్కన ఫ్లడ్‌లైటుకి ఒక రేకుముక్క కట్టించడానికి ఏ కమిటీ కావాలి, ఎన్ని సమావేశాలు కావాలి?

మమ్మల్ని కూడా వదలక్కర్లేదు. ఆ నగల షాపుల ప్రకటనలు మా మొదటి పేజీలో కూడా వస్తాయి. మా కార్యాలయం మీద పేరు బోర్డు నిన్నటిదాకా తెల్లవార్లూ వెలిగింది. ఈ రాత్రి నుంచి పదకొండింటికి ఆరిపోతుంది, వాచ్‌మన్‌కి చెప్పేశాం. రెండు నిమిషాల పని. బీచ్‌రోడ్డు మీద ప్రభుత్వ భవనాల చుట్టూ రంగులు మార్చుకుంటూ తెల్లారేదాకా వెలిగే దీపాల సంగతి చూసే అధికారి ఎవరో, ఆయనకు ఆ రెండు నిమిషాలు ఎప్పుడు దొరుకుతాయో చెప్పాలి.