ఏరి పక్కన పెట్టిన వేరుశనగ పప్పు ఎక్కడికి పోతోంది?

1974 చివర్లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గిరిజన గ్రామాల్లో ముందు కుక్కలు చచ్చిపోయాయి. తర్వాత మనుషులకు కామెర్లు వచ్చాయి, పొట్టలు ఉబ్బాయి. 397 మంది జబ్బుపడితే 106 మంది బతకలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి ఆ ఇళ్లలోని మొక్కజొన్నను పరీక్షించారు. అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన గింజల్లో, ఆ బూజు తయారుచేసే అఫ్లాటాక్సిన్ అనే విషం విపరీతంగా ఉంది. అది తప్ప తినడానికి మరొకటి లేని కుటుంబాలవి.

అంత ఎక్కువ మోతాదైతే విషం వెంటనే బయటపడుతుంది. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి ఒంట్లోకి చేరితే ఎవరికీ కనబడదు. అది కాలేయ క్యాన్సర్‌కు కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. హెపటైటిస్-బి ఉన్నవారికి ఆ ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. ఇదే విషం వేరుశనగలోనూ చేరుతుంది. వేరుశనగ తింటూ చేదు గింజ తగిలితే ఉమ్మేసి, గండం గడిచిందనుకుంటాం. కానీ అఫ్లాటాక్సిన్‌ను నాలుక పట్టుకోలేదు. వేయించినా ఉడికించినా అది పూర్తిగా పోదు.

ఈ విషాన్ని తయారుచేసే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు నేలలోనే ఉంటుంది. వేరుశనగ కాయ ఊరేదీ ఆ నేలలోనే. పంట చివరి వారాల్లో వాన ముఖం చాటేసి, మట్టి వేడెక్కితే కాయ తనను తాను కాపాడుకునే శక్తి కోల్పోతుంది. అనంతపురం ఎర్రనేలల్లో వర్షాధార పంటకు ఇది తరచూ ఎదురయ్యే కష్టమే. అందుకే గోదాములను బాగుచేస్తే చాలనే మాట నాకు నచ్చదు. మొక్క పీకకముందే సగం నష్టం జరిగిపోయి ఉండవచ్చు. మిగతాది తడి ఆరని కుప్పల్లోనూ, పప్పు విరగకుండా ఒలవడానికి కాయల మీద నీళ్లు చల్లే దగ్గరా జరుగుతుంది.

పరిశోధన కొరత మనకు లేదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తక్కువ ఖర్చుతో విషాన్ని కొలిచే ఎలీసా పరీక్షను రూపొందించింది. బూజు ఎదుగుదలను, అది విషం తయారుచేసే శక్తిని రెండింటినీ అడ్డుకునే జన్యుమార్పిడి వేరుశనగ గురించి 2017లో అక్కడి శాస్త్రవేత్తలే ప్రకటించారు. అది మన పొలాలకు చేరేసరికి ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేం. నాకు ఎక్కువ ఆశ కలిగిస్తున్నది ఆఫ్రికా రైతులు వాడుతున్న పద్ధతి. విషం తయారుచేయలేని అదే జాతి బూజును పొలంలో చల్లుతారు, అది విషపు బూజు చోటును ఆక్రమిస్తుంది. స్థానిక రకాలను వెతికి ఇక్కడా అలాంటి మందు తయారుచేసుకోవాలి.

అయితే రైతు ఆ ఖర్చు ఎందుకు పెట్టాలి? మార్కెట్ యార్డులో తేమ చూస్తారు, కాయకు ఎంత పప్పు దిగుతుందో చూస్తారు. విషం లేని కాయకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వరు. పరీక్ష ఎగుమతి సరుకుకే జరుగుతుంది. నేరుగా తినే వేరుశనగలో కిలోకు 4 మైక్రోగ్రాములు మించితే యూరప్ ఒప్పుకోదు కాబట్టి వ్యాపారి జాగ్రత్తగా ఏరిస్తాడు. మన పరిమితి 10. దానినైనా సంతలో విడిగా అమ్మే పప్పుకు వర్తింపజేసేవారు కనబడరు.

ఏరగా మిగిలిన ముడుచుకున్న, రంగు మారిన పప్పు చాలావరకు నూనె మిల్లుకు పోతుంది. నూనెను శుద్ధి చేసినప్పుడు విషం దాదాపు తొలగిపోతుంది. శుద్ధి చేయని నూనెలో కొంత మిగలవచ్చు. ఎక్కువ భాగం ఉండిపోయేది నూనె తీయగా మిగిలే చెక్కలో. ఆ చెక్కను పాడిపశువు తింటుంది. ఒకటి రెండు రోజుల్లోనే విషం రూపం మార్చుకుని, అఫ్లాటాక్సిన్ ఎం1 పేరుతో పాలలోకి దిగుతుంది. కాచినా పోదు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే 368 నమూనాల్లో అది పరిమితి దాటింది. నీళ్లు కలిపిన పాల గురించి రోజూ మాట్లాడుకునే మనం ఈ అంకెను పట్టించుకోలేదు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆ పాలు తాగేవారిలో పసిపిల్లలు ఉన్నారు.

నా వాదన ఒక్కటే: నిఘా మొదలుపెట్టాల్సిన చోటు చెక్క బయటికొచ్చే మిల్లు గేటు. కాయల బస్తాలో విషం కొన్ని గింజల్లోనే దాగి ఉంటుంది. గుప్పెడు తీసి పరీక్షిస్తే దొరకకుండా తప్పించుకుంటుంది. చెక్కలో అన్ని గింజలూ నలిగి కలిసిపోతాయి కాబట్టి నమూనా మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవచ్చు. పొలాలు లక్షల్లో ఉంటాయి, మిల్లులను లెక్కపెట్టవచ్చు. చెక్క లోడు ఫలితాన్ని బిల్లు మీద రాయడం తప్పనిసరి చేస్తే, మిల్లు యజమాని మంచి పప్పు కోసం వెతుకుతాడు. కాయను శుభ్రంగా ఆరబెట్టిన కదిరి రైతుకు బేరమాడే బలం వచ్చేది అప్పుడే.