ముందు ఐదో వచనం చదవండి

కీమో పూర్తయ్యాక మొదటిసారి ఆరాధనకు వచ్చిన ఒక అక్క నాకింకా కళ్లముందే ఉంది. తలమీద అంగుళం జుట్టు. పాట పాడుతున్నంతసేపూ స్కార్ఫ్ జారకుండా నుదుటి దాకా లాక్కుంటూనే ఉంది. ఆ రోజు వాక్యం, స్త్రీకి జుట్టే ఘనమని. వాక్యం చెప్పినాయన ఆమెను ఉద్దేశించి అనలేదు, నాకు తెలుసు. అయినా ఆమె వంచిన తల ఎత్తలేదు.

స్త్రీలు జుట్టు కత్తిరించుకోవచ్చా అన్న వాదనంతా బైబిల్లో 1 కొరింథీయులకు 11వ అధ్యాయం మీదే, అంటే అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరం మీదే. జుట్టు స్త్రీకి పైటచెంగుగా ఇచ్చారని 15వ వచనంలో మన తెలుగు బైబిల్ చెబుతుంది. అందుకని కొన్ని పెంతెకొస్తు సంఘాల్లో చివర్లు కూడా కత్తిరించకూడదంటారు. అలా దేవునికోసం ఇష్టంగా పెంచుకునేవాళ్లంటే నాకు గౌరవమే. అది అందరికీ ఆజ్ఞ అంటేనే ఒప్పుకోలేను. పౌలు వాడిన గ్రీకు మాటకు జుట్టు పెంచుకోవడం అని అర్థం. ఎంత పొడవో ఆయన చెప్పలేదు. 6వ వచనంలో కత్తిరించుకోవడం అని ఉంది కదా అంటారు. ఉంది, గొరిగించుకోవడం పక్కనే ఉంది. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో గొర్రె బొచ్చు కత్తిరించడానికి వాడింది కూడా ఆ క్రియే. చివర్లు సరిచేసుకోవడానికీ దానికీ ఎంత దూరం!

సంఖ్యాకాండము 6 కూడా తీసి చూడండి. నాజీరు మొక్కుబడి, అంటే కొంతకాలం తమను దేవునికి ప్రత్యేకించుకునే మొక్కు, స్త్రీ అయినా పురుషుడైనా చేసుకోవచ్చు. మొక్కుబడి ఉన్నన్నాళ్లూ తలమీద కత్తి పడకూడదు, తీరాక తల గొరిగించుకోవాలి. పొడుగు జుట్టు పురుషుడికీ పరిశుద్ధతే, గొరిగిన తల స్త్రీకీ పరిశుద్ధతే. పౌలు కూడా మొక్కుబడి ఉండి కెంక్రేయలో తల వెంట్రుకలు కత్తిరించుకున్నాడు. కెంక్రేయ ఎక్కడో కాదు, కొరింథుకు ఓడరేవు.

నా బాధ అసలు వేరే. అదే 1 కొరింథీయులకు 11లో 5వ వచనంలో స్త్రీ ప్రార్థన చేస్తుంది, ప్రవచిస్తుంది, అంటే దేవుని మాట పలుకుతుంది. చెయ్యొచ్చా అని పౌలు అడగడు. చేస్తుందనే అనుకుని, తల సంగతి మాట్లాడతాడు. మనం మాత్రం తల సంగతి పట్టుకుని ఏళ్ల తరబడి వాదించుకుంటూ, ఆమె నోరు తెరిచిన సంగతి వదిలేశాం. జుట్టు విషయంలో ఇంత పట్టుబట్టే ఎన్ని సంఘాల్లో ఆడవాళ్లు నిలబడి గట్టిగా ప్రార్థన చేస్తున్నారు?

ఆ అక్క మరణం అంచుదాకా వెళ్లి వచ్చింది. దేవునితో చెప్పుకోవడానికి ఆ రోజు ఆ గదిలో ఆమెకున్నంత ఇంకెవరికీ లేదు. ప్రార్థన చెయ్యమని ఆమెను ఎవరూ అడగలేదు. పక్కనే కూర్చున్న నేనూ అడగలేదు.