బండికి అంగీ తొడగమంటే ఒంటికి బొక్కలు పెట్టినారు

చేతికి తుప్పు మరక ఇంకా పోలేదు. గిన్నెల సబ్బు వేసి రెండుసార్లు తోమినా గోళ్ళ సందుల్లో ఎర్రగానే ఉంది. ఆ చేత్తోనే టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

రెండు నెలల కింద కొత్త ఇసుజు డీమ్యాక్స్ పికప్ తీసుకున్నానని ఇక్కడే ఫొటో పెట్టినాను కదా. గుమ్మడికాయ కొట్టు అన్నా, దిష్టి తీయించు అన్నా అని మీరంతా చెప్పినారు. గుమ్మడికాయా కొట్టినాం, టైర్ల కింద నిమ్మకాయలూ పెట్టినాం. దిష్టి రానేలేదు. డ్రిల్లింగ్ మిషన్ వచ్చింది.

పోయిన వారం వెనక తొట్టికి ప్లాస్టిక్ బెడ్ లైనర్ వేయించినా. తెలియనివాళ్ళకు చెప్తా: బాడీ కొలతకు అచ్చు పోసిన నల్లటి మందపాటి ప్లాస్టిక్ తొట్టి అది. బండి తొట్టిలోకి దించేస్తే క్రేట్లు ఈడ్చినా, గడ్డపార విసిరేసినా పెయింటుకు గీత పడదు. ఇది షాపువాడి మాట. 14,000 తీసుకున్నాడు. బిల్లు అడిగితే "జీఎస్టీ వేరే అవుతాది సార్" అన్నాడు. అక్కడే లేచి వచ్చేయాల్సింది.

నిన్న రాత్రి వాన పడింది. పొద్దున తొట్టిలోకి ఎక్కి కాలు పెడితే కింద నుంచి పుచుక్ అంది. ఇంకో అడుగు వేసినా. ఇంకో పుచుక్. వెనక డోరు అంచున సన్నగా నీళ్ళు కారుతున్నాయి. ఎర్ర నీళ్ళు. రెండు నెలల బండి అబ్బా!

పక్కింటి పిల్లోణ్ణి పిలిచి ఇద్దరం స్క్రూలు ఊడదీసి ఆ ప్లాస్టిక్‌ను పైకి లేపినాం. 8 బొక్కలు. పక్క గోడలకు 6, నేలకు 2. నేలకు ఎందుకు వేసినాడో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి. ఏ బొక్క అంచుకూ తుప్పు రాకుండా పూసే ప్రైమర్ లేదు, కనీసం ఒక బ్రష్షుడు రెడ్ ఆక్సైడ్ కూడా లేదు. చుట్టూ ఇనుప రజను. సన్న సన్న చుట్టలు పెయింటుకు అతుక్కుపోయి, ఒక్కోదాని చుట్టూ తుప్పు చుక్క. గడపకు బొట్లు పెట్టినట్టు పెట్టినాడు మహానుభావుడు.

ఇందులో నన్ను తినేసేది ఇంకొకటుంది. ఆ రోజు "టీ తాగి రాపోండి సార్, పది నిమిషాలు" అంటే పోయినాను. తిరిగొచ్చేసరికి పెయింటు కాలిన వాసన. షాపు పిల్లోడు ఆఖరి బొక్క వేస్తున్నాడు. వేసేసి, రాలిన రజనును కాలితో నెట్టి, లైనర్ అంచు పైకెత్తి దాని కిందికే తోసినాడు. ఇల్లు ఊడ్చి చెత్త చాప కిందికి తోసినట్టు. నేను చూసినా. చూసి కూడా నోరు తెరవలేదు. డబ్బులిచ్చి, "థ్యాంక్స్ తమ్ముడూ" అని చెప్పి మరీ వచ్చినా. థ్యాంక్స్!

బొక్క వేసేముందు అడగాలి. తప్పదు అనుకుంటే పక్క గోడకు పైన ఎక్కడో వేసి, రజను ఒక్కటి మిగలకుండా ఊది, బొక్క అంచుకు ప్రైమర్ పూసి, ఆరినాక స్క్రూ ఎక్కించాలి. ప్లాస్టిక్‌కు వేసే బొక్క కొంచెం పెద్దదిగా ఉండాలి, ఎందుకంటే మన తిరుపతి ఎండకు ఆ ప్లాస్టిక్ సాగుతుంది. బిగించి పారేస్తే మధ్యలో బుడిపెలా లేస్తుంది. నాది అప్పుడే లేచింది, దాని మీద పుచ్చకాయ పెడితే దొర్లిపోతుంది. అన్నిటికంటే ముందు, నీళ్ళు దిగిపోవడానికి తొట్టి మూలల్లో కంపెనీవాళ్ళు పెట్టిన తూములు మూసుకుపోకుండా చూడాలి. మనవాడు కంపెనీ పెట్టిన బొక్కలు మూసేసి, సొంతంగా 8 పెట్టినాడు. కింద చేరిన నీళ్ళకు, ఇసకకు పోయే దారి లేదు. బండి కదిలినప్పుడల్లా ఆ ఇసక మీద ప్లాస్టిక్ రాసుకుంటా, గీతలు పడకూడదని వేయించిన దాని కిందే పెయింటంతా గరగరా లేచిపోతుంది.

షాపుకు ఫోన్ చేసినా. ఓనరే ఎత్తినాడు.

"అందరికీ ఇట్లే ఏస్తాం సార్. ఎవురూ అడగలే."

"నేను అడుగుతున్నా కదన్నా."

"వానలో పెట్టినారా బండిని?"

పికప్ బండి వానలో తడవకూడదంట! రేపు లోడ్ కూడా వేయకూడదంటాడు. ఇంట్లో పెట్టి బీరువా మాదిరి బట్టలు సర్దుకోవాలి కాబోలు.

"స్ప్రే కొట్టించి ఉండాల్సింది అన్నా" అని కామెంట్ పెట్టబోతున్న మేధావులూ, ఆగండి. ఆ స్ప్రే అంటే ప్లాస్టిక్ తొట్టి బదులు బండి తొట్టికే నేరుగా కొట్టే మందపాటి పూత. అది కొట్టాలంటే ముందు కొత్త పెయింటునంతా గరుకు కాగితంతో గీకాలి. ఒకసారి కొట్టినాక తీయడానికి ఉండదు. 8 బొక్కలు సరిగా వేయలేని ఊర్లో నా తొట్టి మొత్తం గీకమని ఎవరి చేతికిచ్చేది? రబ్బరు మ్యాట్ ఒకటి పరిచి ఉంటే సరిపోయేదని నాకూ ఇప్పుడు తెలుసు. ఇప్పుడు అందరికీ తెలుసు.

ఇంకో తమాషా. ఈ బండి పుట్టిందెక్కడ? మన శ్రీసిటీలో. 2016 నుంచి అక్కడ ఇసుజు వాళ్ళ ఫ్యాక్టరీ నడుస్తోంది. మా ఇంటికి గంటన్నర ప్రయాణం. అంత దగ్గర పుట్టిన బండికి లోపల వేసే ప్లాస్టిక్ మాత్రం చెన్నై నుంచి పార్శిల్‌లో వచ్చింది. దాన్ని బిగించడం తెలిసినవాడు ఎక్కడి నుంచి రావాలో మరి.

ఈ ప్లాస్టిక్‌కు గ్రిప్ ఉంటాది అన్నాడు ఇంకా షాపువాడు. మా మామ కూతురి పెళ్ళికి మదనపల్లెలో 12 క్రేట్ల టమోటా ఎత్తుకుని భాకరాపేట ఘాట్ దిగుతున్నా. ప్రతి మలుపుకూ వెనక ధడేల్. ఎడమకు తిరిగితే కుడి గోడకు, కుడికి తిరిగితే ఎడమ గోడకు. సబ్బు పూసిన బండ మీద పిల్లలు జారినట్టు జారినాయి. పెళ్ళిలో రసం బాగుందని అందరూ మెచ్చుకున్నారు. సగం రసం దార్లోనే తయారైందని వంటాయనకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు.

సందర్భం వచ్చింది కాబట్టి ఇదొకటి చెప్పేస్తా. ఇట్లాంటి ప్లాస్టిక్ వేసిన తొట్టిలో క్యాన్ పెట్టి పెట్రోల్ పట్టించకండి. మొన్న మందు కొట్టే మిషన్‌కని బంకులో క్యాన్ కిందికి దించబోతే, "అక్కడే ఉండనీ అన్నా, పట్టేస్తా" అన్నాడు కుర్రాడు. పెట్రోల్ పడేటప్పుడు క్యాన్‌లో కరెంటు పుడుతుంది, ప్లాస్టిక్ మీద ఉంటే అది భూమిలోకి దిగదు, నిప్పురవ్వ లేస్తే అంతే సంగతులు. నేల మీద పెట్టి పట్టించాలి. చెప్తే నవ్వినాడు. నవ్వనీ. నేను దించే పట్టించుకున్నా.

అసలు నాకీ ప్లాస్టిక్ పిచ్చి ఎందుకు పట్టిందో అది కూడా కక్కేస్తా.

2025 జూన్. తోతాపురి మామిడి, మన నోట్లో బెంగుళూరా. దామలచెరువు పక్కన మాకున్న తోపులో కాపు విరగకాసింది, ధర పడిపోయింది. ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది, మొత్తం 12 అన్నారు. పేపర్లో చదవడానికి బాగుంది. నా పాత పికప్‌లో కాయ నింపుకుని ఒక గుజ్జు ఫ్యాక్టరీ ముందు వరుసలో నిలబడినా. మూడు రాత్రులు. టోకెన్ జేబులో, నేను క్యాబిన్‌లో, కాయ ఎండలో. రెండో రోజుకు కింది వరస మెత్తబడి రసం కారడం మొదలైంది. మూడో రోజుకు తొట్టంతా పుల్లటి వాసన, తేనెటీగలు, నురగ. పేపర్లో మొహాలు కడుక్కుని నవ్వుతున్న నాయకుల ఫొటోలు. నేను మొహం కడిగి రెండు రోజులు. (రాజకీయం కామెంట్లలో వద్దు, ఏ పార్టీవాళ్ళూ ఆ రాత్రి నాకు మంచినీళ్ళు తెచ్చివ్వలేదు.)

నాలుగో రోజు కాటా. కాటా దగ్గర కుళ్ళిందని తరుగు తీసినారు. "మీ గేటు ముందే కదయ్యా కుళ్ళింది" అంటే ఆ గుమాస్తా తల కూడా ఎత్తలేదు. "అందరికీ ఇంతే, పక్కకు జరుగు."

ఇదే మాట. ఓనర్ ఈ పొద్దు ఫోన్లో అన్నప్పుడు నాకు ఆ కాటా, ఆ తల ఎత్తని గుమాస్తా గుర్తుకొచ్చి ఒళ్ళు మండింది. అందరికీ ఇట్లే అంట. ఆ అందరూ ఎవరయ్యా? ఒకసారి పిలవండి, వాళ్ళతో కూర్చుని టీ తాగుతా.

ఆ మామిడి రసం పాత బండి నేలను తినేసింది. పులుపు కదా, సందుల్లోకి దిగినాక ఎంత కడిగినా పోలేదు. సంక్రాంతికల్లా తొట్టిలో నిలబడి చూస్తే కింద రోడ్డు కనపడేది. ఇనుప సామాన్లవాడికి ఇచ్చినంత ధరకే ఇచ్చేసినా. అందుకే కొత్త బండికి కడుపులో అంగీ తొడగాలని తాపత్రయపడినా. 14,000 పోసి తుప్పుకు ముహూర్తం ముందుకు జరుపుకున్నా.

ఇప్పుడు తొట్టి ఖాళీ. రజనంతా తడిగుడ్డతో తుడిచి, బొక్కల అంచులు గీకి, ప్రైమర్ పూసి ఎండకు పెట్టినా. ఆరినాక రబ్బరు బిరడాలు కొట్టాలి. కొత్త బండికి 8 బిరడాలు. డబ్బు వెనక్కి అడిగితే "ఊడదీసినాక వాపస్ లేదు సార్" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టినాడు, చివర్లో దండం బొమ్మ కూడా.

ఆ లైనర్‌ను కొట్టం పక్కన పడేసినా. అమ్మ వచ్చి చుట్టూ తిరిగి చూసింది, తట్టి చూసింది, మొహం వెలిగిపోయింది. "మంచి తొట్టి నాయనా, ఆవులకు కుడితి పోసుకోవచ్చు" అంది. వంగి లోపల చెయ్యి పెట్టి తడిమింది.

"అడుగున ఈ బొక్కలెందుకురా పెట్టినారు?"