సవరణ: ఐ20 ఎన్ లైన్ డీసీటీది వెట్ క్లచ్ కాదు

తిరుపతి, చిత్తూరు మధ్య రోజూ తిరిగేవాళ్లకు ఏ స్పోర్టీ హ్యాచ్‌బ్యాక్ మేలో చెబుతూ, హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ 7 స్పీడ్ డీసీటీకి (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) వెట్ క్లచ్ ఉందని రాశాం. తప్పు. అది డ్రై క్లచ్. వెట్ క్లచ్ టాటా ఆల్ట్రోజ్ డీసీఏది (టాటా తన రెండు క్లచ్‌ల ఆటోమేటిక్‌కు పెట్టిన పేరు), అదీ టర్బో లేని 1.2 లీటర్ పెట్రోల్ ఇంజిన్‌తో. 2024లో వచ్చిన ఆల్ట్రోజ్ రేసర్‌కు 6 స్పీడ్ మాన్యువల్ ఒక్కటే.

వెట్ క్లచ్ వేడిని ఆయిల్ లాగేస్తుంది, డ్రై క్లచ్‌కు గాలే దిక్కు. హైవేలో ఫరవాలేదు. లీలామహల్ సర్కిల్ దగ్గర అంగుళం అంగుళం పాకించినా, తిరుమల ఘాట్ ఎత్తులో బ్రేక్ బదులు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టినా (చాలామందికి ఈ అలవాటుంది) క్లచ్ సగమే పట్టుకుని రాసుకుంటుంది. ముందు జర్కులు, తర్వాత మీటర్‌లో హెచ్చరిక. అప్పుడు పక్కకు ఆపి, గేర్ పీ (పార్క్)లో పెట్టి, ఇంజిన్ ఆఫ్ చేయకుండా చల్లారనివ్వాలి. ముందు బండికి రెండు కార్ల సందు వదిలి ఒకేసారి కదిలితే ఆ అవస్థ తగ్గుతుంది.

ఇంకోటి: ఎన్ లైన్‌లో ఐఎంటీ (క్లచ్ పెడల్ లేని మాన్యువల్ గేర్‌బాక్స్) ఇప్పుడు లేదు. 2023లో దాని స్థానంలో 6 స్పీడ్ మాన్యువల్ వచ్చింది. రోజూ ఊళ్లో ట్రాఫిక్కే ఎక్కువైతే డీసీటీ కన్నా మా ఓటు ఇప్పుడు ఆ 6 స్పీడ్ మాన్యువల్‌కే.