సవరణ: ‘ఫ్యామిలీ ప్రామిస్’ ఆతిథ్యం గురించి

అమెరికాలో నిలువ నీడ కోల్పోయిన కుటుంబాలను ఆదుకునే ‘ఫ్యామిలీ ప్రామిస్’ గురించి గతంలో రాస్తూ, ఒక్కో కుటుంబం నెలల తరబడి ఒకే చర్చిలో ఉంటుందని పేర్కొన్నాను. అది నా పొరపాటు. కారెన్ ఓల్సన్ 1986లో న్యూజెర్సీలో ప్రారంభించిన పద్ధతి ప్రకారం, చర్చిలు, యూదుల ప్రార్థనా మందిరాలు వంతులవారీగా ఒక్కో వారం ఆతిథ్యమిస్తాయి. వారం తిరిగేసరికి, సాధారణంగా ఆదివారం నాడు, మడత మంచాలు, దుప్పట్లు, పిల్లల సంచులతో సహా మకాం మరో మందిరానికి మారుతుంది. పగటిపూట పెద్దలు ఉద్యోగం, ఇల్లు వెతుక్కోవడానికి వేరే కేంద్రం ఉంటుంది. రాత్రి వండిపెట్టి, తోడుగా అక్కడే పడుకునేది స్వచ్ఛంద సేవకులు.

నేను వాడిన ‘అనాథాశ్రమం’ అన్న మాట కూడా తప్పే, ఎందుకంటే తల్లిదండ్రులనూ పిల్లలనూ విడదీయకుండా ఉంచడమే ఈ ఏర్పాటు ఉద్దేశం. వారం వారం మూటాముల్లె సర్దుకోవడం పిల్లలకు కష్టమే. ఇటీవల పలు శాఖలు స్థిరమైన వసతికి మారాయి గనుక, పై వర్ణన అన్నిచోట్లా వర్తించదు.